మావయ్య లేచినప్పుడల్లా

ఉదయం ఏడున్నరకే ఆ రోజు పనులన్నీ లాండ్రీ గోడమీది నల్లబోర్డు ఎక్కాయి. మేనకోడలి చేతిరాత గుండ్రంగా, ధీమాగా ఉంటుంది. ఎనిమిదింటికి సబ్బు పీపాకి సెన్సరు. పదింటికి ఆసుపత్రి దుప్పట్లు మిషన్లోకి. పదకొండింటికి మేట్రన్ గారు. పదకొండున్నరకి ఆసుపత్రి పని మనకే. చివరి దానికి ఎదురుగా ఆమె అప్పుడే టిక్కు కూడా పెట్టేసింది.

"ఇంకా జరగని దానికి టిక్కేంటమ్మాయ్?" అన్నాడు మావయ్య.

"జరుగుతుంది మావయ్యా. అప్పుడు మళ్లీ సుద్దముక్క ఎక్కడ వెతుక్కోను?"

లాండ్రీ ఆమె తండ్రి పెట్టింది. ఆయన మోకాళ్లు మొరాయించి ఇంటిపట్టున ఉండటం మొదలెట్టాక మూడేళ్లుగా కూతురే నడుపుతోంది. మావయ్య ఆమె తల్లికి తమ్ముడు. లాండ్రీ తలుపులు తెరిచిన రోజునే స్టోరు చూసుకోవడానికి వచ్చాడు. వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇప్పుడు పనివాళ్లందరికీ ఆయన మావయ్యే.

ఆయన చోటు సబ్బు పీపా మూత. మోకాలెత్తున వెడల్పుగా ఉండే పీపా అది. దాని మీద పాత దుప్పటి ఒకటి నాలుగు మడతలు వేసి పరుచుకుని, గోడకి ఆనుకుని కూర్చుంటాడు. అక్కణ్ణుంచి చూస్తే గేటూ, మిషన్లూ, ఇస్త్రీ బల్లా ఒకేసారి కనబడతాయి. మిషన్ నిండినప్పుడల్లా లేచి, మూత తీసి, మగ్గుతో సబ్బు కొలిచి పోసి, మళ్లీ మూత పెట్టి కూర్చోవడం ఆయన ఉద్యోగం. ఏ రకం మురికికి ఎన్ని మగ్గులో ఆయనకి బట్ట వాసనని బట్టి తెలిసేది.

ఇక ఆ అవసరం లేదు. ఆ రోజు పొద్దున్నే వచ్చిన ఫిట్టరు పీపా అడుగున ఒక కాటా పలక పెట్టాడు. పీపా నుంచి మిషన్లకి గొట్టం వేశాడు. ఎంత సబ్బు కావాలో మిషనే లాక్కుంటుంది. పీపా బరువు ఎప్పటికప్పుడు పలక తూచి ఇంటర్నెట్‌కి చెబుతుంది. సబ్బు సగానికి తగ్గగానే, ఎవరూ ఫోను చెయ్యకుండానే, రెండు వీధుల అవతలున్న సబ్బు గోడౌనుకి నాలుగు క్యాన్లకి ఆర్డరు వెళ్లిపోతుంది. పెద్ద మిషన్ తిరుగుతుండగా సబ్బు మరీ ధారగా పోతుంటే గొట్టం పగిలిందని పసిగట్టి, నీళ్ల వాల్వు తనంతట తనే మూసేస్తుంది, బరువు సరిపడితే మళ్లీ తెరుస్తుంది. ఈ కబుర్లన్నీ మేనకోడలి ఫోనుకి వస్తాయి.

వెనక గదిలో నిచ్చెనెక్కి వాల్వు బిగిస్తున్న ఫిట్టరు అక్కణ్ణుంచే కేకేశాడు.

"పీపా నిండుగా ఉందాండీ?"

"అంచుదాకా ఉంది!" అన్నాడు మావయ్య, పీపా మీద కూర్చునే.

ఫిట్టరు తన ఫోన్లో ఒక మీట నొక్కాడు. ఆ క్షణాన పలక మీద ఎంత బరువుందో, అదే నిండు పీపా బరువని యంత్రానికి చెప్పేశాడు. అడిగినవాడు సరిగ్గానే అడిగాడు. చెప్పినాయన నిజమే చెప్పాడు. యంత్రం విన్నది విన్నట్టే రాసుకుంది. ఎవరి పని వాళ్లు శుభ్రంగా చేశారు. ఫిట్టరు సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

"ఇక నీకు మగ్గు పట్టుకునే బాధ లేదు మావయ్యా," అంది మేనకోడలు. "ఒక్క వారం దీన్ని కనిపెట్టి చూడు. ఆ తర్వాత హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు."

ప్రేమతోనే అంది. మావయ్య "మంచిదేగా" అన్నాడు. ఇంట్లో కుర్చీలకేం కొదవ లేదు. నాలుగేళ్ల కిందట అత్తయ్య పోయాక, ఎదురు కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషే లేదు. లాండ్రీలో అయితే ఇస్త్రీ అక్క తిట్లు కూడా కబుర్ల కింద చెల్లిపోతాయి.

"ఇంకోటి మావయ్యా. ఇవాళ ఎవరొచ్చినా లేచి నిలబడి పలకరించు. పీపా మీద నువ్వూ ఇంకో పీపాలా కూర్చుంటే బాగోదు. హుషారుగా కనబడాలి."

మావయ్య చొక్కా కాలరు సర్దుకున్నాడు. మిగిలింది ఒక్క వారమే అయితే, ఆ వారంలో తనకి హుషారు తక్కువైందన్న మాట మాత్రం ఎవరి నోటా రాకూడదని ఆ క్షణాన్నే తీర్మానించుకున్నాడు.

ఎనిమిదింబావుకి ఇస్త్రీ అక్క లోపలికి అడుగుపెట్టింది. మావయ్య చటుక్కున లేచి నిలబడ్డాడు.

"రండి రండి!"

ఇస్త్రీ అక్క గుమ్మంలోనే ఆగి వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడేమోనని. ఎవరూ లేరు.

"నాకా మావయ్యగారూ? ఒంట్లో బాగానే ఉందా? నిన్న మీ తువ్వాలు మాడ్చానని ఇంకా వంద తిట్లు బాకీ ఉన్నారు."

"ఇవాళ తిట్లు లేవు. ఇవాళంతా మర్యాదే," అన్నాడు మావయ్య.

అంతలో మేనకోడలి ఫోను టింగుమంది. 'సబ్బు సగానికి తగ్గింది. నాలుగు క్యాన్లకు ఆర్డరు పంపాం.'

"చూశారా!" ఆమె మొహం వెలిగిపోయింది. "పెట్టి అరగంట కాలేదు, పని మొదలెట్టింది. హోటలు తువ్వాళ్లు సబ్బు బాగా తాగినట్టున్నాయి."

మావయ్య కూర్చున్నాడు. ఫోను మళ్లీ మోగింది. 'సబ్బు నిండింది. ధన్యవాదాలు.' ఆ కబురు ఆమె చదవలేదు. అప్పటికే తండ్రికి ఫోను చేసి యంత్రం గొప్పలు చెప్పుకోవడంలో ఉంది.

పావుగంటలో సబ్బు వ్యాను వచ్చింది. డ్రైవరు నాలుగు నీలం క్యాన్లు దింపాడు. మావయ్య లేచి ఎదురెళ్లి, "రావయ్యా, ఇలా గోడ పక్కన పెట్టు," అని దగ్గరుండి పెట్టించి, అతను వ్యాను ఎక్కేదాకా చెయ్యి ఊపి, వచ్చి కూర్చున్నాడు. వ్యాను మలుపు తిరక్కముందే డ్రైవరు ఫోనులో ఇంకో ఆర్డరు పడింది.

రెండోసారి నాలుగు క్యాన్లు వచ్చాయి. మావయ్య మర్యాదలో ఏ లోటూ చెయ్యలేదు. లేచాడు, ఎదురెళ్లాడు, పెట్టించాడు, కూర్చున్నాడు. మూడోసారి వచ్చినప్పుడు డ్రైవరు కాస్త అనుమానంగా చూశాడు.

"పెద్దాయనా, మీరు దీంతో ఉతుకుతున్నారా, తాగుతున్నారా?"

"మా అమ్మాయి వ్యాపారం పెంచుతోందయ్యా. నువ్వు అలవాటు చేసుకో," అన్నాడు మావయ్య నిలబడే. గేటు దగ్గర డ్రైవరు జేబులో ఫోను మోగింది. అతను అలవాటు చేసుకోవడం మొదలుపెట్టాడు.

తొమ్మిదిన్నరయ్యేసరికి గోడ పక్కన క్యాన్లు నడుమెత్తు పేరుకున్నాయి. మేనకోడలు కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతోంది. ఆమె స్టోరులోకి వచ్చిన ప్రతిసారీ మావయ్య లేచి నిలబడుతున్నాడు. ఆమె వచ్చేదే ఫోను మోగిందని, అక్కడికి వచ్చాక మళ్లీ మోగుతోందని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. డ్రైవరు ఆర్డర్లు రెండేసి కలిపి ఎనిమిదేసి క్యాన్లు తేవడం మొదలెట్టాడు. గోడ చాలక కొన్ని ఇస్త్రీ బల్ల మీదికి చేరాయి.

"నా బల్ల మీద సబ్బేంటి?" ఇస్త్రీ అక్క నడుం మీద చెయ్యి వేసుకుంది. "బట్టల్ని ఇస్త్రీ చెయ్యనా, డబ్బాల్ని చెయ్యనా?"

"కాసేపు ఓపిక పట్టు అక్కా. యంత్రం కొత్తది కదా, మన వాడకం నేర్చుకుంటోంది," అంది మేనకోడలు. ఆమె గొంతులో ధీమా తగ్గలేదు. కాకపోతే ఫిట్టరుకి ఫోను మాత్రం చేసింది.

"మేడం, సెన్సరు అబద్ధం చెప్పదండి," అన్నాడు ఫిట్టరు ఎక్కడో ఊరి అవతలి చివర నుంచి. "లెక్క నా ముందే ఉంది. ఒక్క దెబ్బకి డెబ్భై కిలోల సబ్బు పోతోంది. రెండు నిమిషాలాగి మళ్లీ వచ్చేస్తోంది. మీ దగ్గర ఎవరో సబ్బు తీసేసి, మళ్లీ తెచ్చి పోసేస్తున్నారు."

"తీసినవాడు మళ్లీ ఎందుకు పోస్తాడండీ?"

"అది సెన్సరుకి తెలీదు మేడం."

ఫోను స్పీకర్లో ఉంది. మావయ్య మొత్తం విన్నాడు. స్టోరులో ఉండే మనిషి తనొక్కడే. ఆయన మొహం ఉతికి ఆరేసిన తెల్లగుడ్డలా అయిపోయింది. లేచి నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఇరవై రెండేళ్లలో ఒక్క మగ్గు సబ్బు నేను ఇంటికి..."

ఫోను టింగుమంది.

"అయ్యో, నిన్నెవరన్నారు మావయ్యా! కూర్చో ముందు. నిన్నంటే నా నోరు పడిపోదూ?"

ఆయన కూర్చున్నాడు. కానీ మనసు కుదుటపడలేదు. వారం తర్వాత ఇంటికి వెళ్లడం ఒకటి, దొంగ అన్న అనుమానంతో వెళ్లడం ఇంకొకటి. ఇరవై రెండేళ్లు కూర్చున్న చోటే తన మీద సాక్ష్యం చెబుతోందనిపించింది ఆయనకి.

పదింటికి ఆసుపత్రి నుంచి వచ్చిన మూట విప్పి, నలభై దుప్పట్లు పెద్ద మిషన్లో వేశారు. ఆసుపత్రి పని ఎవరికివ్వాలో తేల్చే మేట్రన్ గారి మాట ఒక్కటే. తను వచ్చేసరికి మిషన్ తిరుగుతూ ఉండాలి, ఆరిన గుడ్డ కాదు, మిషన్లోంచి తీసిన తడిగుడ్డ తన చేతికి రావాలి. అంతకుముందు మూడు లాండ్రీలు ఆవిడ చేతిలో ఓడిపోయాయని వినికిడి.

పదిన్నరకి మేనకోడలికి ఒక ఆలోచన వచ్చింది. "మావయ్యా, ఒక్కసారి లే. మూత తీసి నా కళ్లతో చూస్తాను."

మావయ్య లేచాడు. మూత తీశారు. సబ్బు అంచుకి రెండు వేళ్ల కిందుంది. నీలంగా, నిబ్బరంగా, ఎక్కడికీ పోని సబ్బులా ఉంది.

"నిండుగానే ఉందే!" అందామె.

ఫోను ఒప్పుకోలేదు. 'సబ్బు విపరీతంగా పోతోంది. గొట్టం పగిలి ఉండవచ్చు. మీ క్షేమం కోసం నీళ్లు ఆపేస్తున్నాం.'

వెనక గదిలో వాల్వు టక్కుమంది. పెద్ద మిషన్ ఒక నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. గాజు తలుపు వెనక నలభై దుప్పట్లు నురగలో మొహం దాచుకున్నాయి.

మేట్రన్ గారు రావడానికి ఇంకా అరగంట ఉంది. మేనకోడలు మొదటిసారి బోర్డు వైపు చూసి, చివరి టిక్కు చెరపడానికి గుడ్డ కోసం వెతికింది. మావయ్య మూత పెట్టి, నీరసంగా పీపా మీద కూలబడ్డాడు.

టక్. నీళ్లు వచ్చాయి. మిషన్ తిరిగింది.

"వచ్చింది!" అంటూ ఆయన ఆనందం పట్టలేక లేచాడు. టక్. మిషన్ ఆగింది.

ఇస్త్రీ అక్క పెట్టె పక్కన పెట్టింది. కళ్లు చిన్నవి చేసి మావయ్య వైపూ, మిషన్ వైపూ చూసింది.

"మావయ్యగారూ, కూర్చోండి."

టక్. మిషన్ తిరిగింది.

"లేవండి."

టక్. ఆగింది.

"కూర్చోండి. ఇంతకీ మీరెంత బరువుంటారు?"

"డెబ్భై," అన్నాడు మావయ్య.

మేనకోడలు ఫోను చూసింది. "డెబ్భై ఒకటి అంటోంది మావయ్యా," అంది నెమ్మదిగా.

ఇస్త్రీ అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. మేనకోడలు క్యాన్ల గుట్టకి తల ఆనించి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా భుజాలు కదిలించింది. మావయ్య మాత్రం గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. పొద్దుటినుంచీ దొరకని దొంగ దొరికాడు, వాడు ఎత్తుకుపోయింది తన సొంత బరువే.

ఫిట్టరుకి మళ్లీ ఫోను వెళ్లింది.

"అయితే నిండు బరువులో పెద్దాయన కూడా ఉన్నారన్నమాట," అన్నాడు అతను. "ఏం ఫర్లేదు మేడం. అది సరిచెయ్యాలంటే నేనే రావాలి, గంట పడుతుంది. అందాకా ఆయన్ని మాత్రం కదలనివ్వకండి. యంత్రం దృష్టిలో ఆయన కూడా సరుకే."

"మరి మేట్రన్ గారు వస్తే?" అన్నాడు మావయ్య.

"కూర్చునే ఉండు."

"ఆవిడ ఎదురుగా? అంత పెద్దమనిషి వస్తే మూత మీద కూర్చుని చూడనా? ఏమనుకుంటుంది తల్లీ?"

"ఏమైనా అనుకోనీ మావయ్యా. ఈ దుప్పట్లు అయ్యేదాకా నువ్వు ఇక్కణ్ణుంచి లేవకూడదు. నువ్వు లేస్తే లాండ్రీ ఆగిపోతుంది."

ఆ మాట ఆయన మనసులో రెండుసార్లు తిరిగింది. అత్తయ్య పోయాక, నువ్వు లేస్తే ఫలానాది ఆగిపోతుందని ఆయనతో ఎవరూ అనలేదు.

పదకొండుకి రెండు నిమిషాల ముందే మేట్రన్ గారు వచ్చారు. తెల్లచీర, గొలుసుకి వేలాడే కళ్లజోడు, చప్పుడు చెయ్యని చెప్పులు. ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే లాండ్రీ మొత్తం లేచి నిలబడింది. మడతలు పెట్టేవాళ్లు మడతలు వదిలేశారు. ఇస్త్రీ అక్క పెట్టె నిలబెట్టి తనూ నిలబడింది. మావయ్య వెన్ను అలవాటు కొద్దీ నిటారైంది. మోకాళ్లు కదిలాయి. ఆయన పీపా మీంచి జానెడు లేచాడో లేదో మిషన్ ఎక్కిళ్లు పెట్టింది. మేనకోడలు కళ్లు ఉరిమి చూసింది. ఆయన కూలబడి, రెండు చేతులూ జోడించి, చెమటలు కక్కుతూ నవ్వాడు.

మేట్రన్ గారు ఆ నవ్వు చూశారు. తర్వాత క్యాన్లు చూశారు.

"ఇంత సబ్బు దేనికమ్మా? దేశం మొత్తం ఉతుకుతారా?"

మేనకోడలు నోరు తెరిచేలోగా వెనక నుంచి డ్రైవరు వచ్చాడు, చేతికి రెండేసి క్యాన్లు తగిలించుకుని. "అమ్మగారూ, ఇంకో ఎనిమిది. ఎక్కడ పెట్టమంటారు? మీ దగ్గర గోడలు అయిపోయాయి."

మేట్రన్ గారు తిన్నగా పీపా దగ్గరికి నడిచి, మావయ్య ఎదురుగా నిలబడ్డారు. మావయ్య లేవలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"స్టోరు మీరే చూస్తారా?"

"అవునమ్మా. నేనే." ఆయన మళ్లీ చేతులు జోడించాడు. "క్షమించండమ్మా, లేవలేను. నేను లేస్తే నీళ్లు ఆగిపోతాయి. మీ దుప్పట్లు నురగలో ఉన్నాయి."

"మేడం, అది నేను చెబుతాను..." మేనకోడలు ముందుకు వచ్చింది.

"ఆయన చెబుతున్నారుగా, చెప్పనివ్వండి."

మావయ్య చెప్పాడు. పీపా, పలక, అంచుదాకా అన్న తన మాట, మర్యాదలు, క్యాన్లు, డెబ్భై ఒక్క కిలోలు, ఏదీ దాచలేదు. తన మేనకోడలి తప్పేమీ లేదని, యంత్రానిదీ లేదని, తనొక్కడే పొద్దుటినుంచి లేవకూడని చోట లేచానని చెప్పి, తలవంచుకున్నాడు.

మేట్రన్ గారు కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ముప్ఫై ఏళ్లుగా నేను వార్డులోకి వెళితే అందరూ లేచి నిలబడతారు," అన్నారు. "మందు పట్టిస్తున్న నర్సు గ్లాసు పక్కన పెట్టేసి లేస్తుంది. కట్టు కట్టేవాడు కట్టు సగంలో వదిలేసి లేస్తాడు. పేషెంటు నోరు తెరుచుకుని అలాగే ఉంటాడు. వద్దని చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. నేనొచ్చినా పని వదలకుండా కూర్చున్న మనిషిని ఇవాళే చూశాను."

"అంటే... కోపం లేదా అమ్మా?" అన్నాడు మావయ్య.

"అది మీ దుప్పట్లు చూశాక చెబుతాను."

పన్నెండు నిమిషాలు అందరూ మిషన్ని చూస్తూ నిలబడ్డారు, మావయ్య తప్ప. మిషన్ ఆగి, గాజు తలుపు తెరుచుకోగానే మేట్రన్ గారు తన చేత్తోనే ఒక దుప్పటి లాగారు. కిటికీ వెలుతుర్లో పట్టి చూశారు. అంచు కుట్టు వెంట బొటనవేలు పోనిచ్చారు. నాలుగు మూలలూ ముక్కుకి ఆనించి వాసన చూశారు.

"రేపు పొద్దున ఆరింటికి మొదటి మూట పంపిస్తాను," అన్నారు. "మూటలు లెక్క చూసి తీసుకునే మనిషి ఒకరుండాలి. ఈయన్ని పెట్టండి. ఎవరొచ్చినా చేతిలో పని వదిలి లేవని మనిషి కావాలి నాకు."

మేనకోడలు మావయ్య వైపు చూసింది. వారం తర్వాత ఇంట్లో కూర్చోమన్న మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆ మాట మళ్లీ ఎత్తకూడదని ఇద్దరూ ఒకేసారి అనుకున్నారు.

"ఆరింటికా? ఐదున్నరకే ఉంటాను," అన్నాడు మావయ్య.

మేట్రన్ గారు గుమ్మం దాటబోతుంటే ఆయన ఇక ఆగలేకపోయాడు. దుప్పట్లు బయటికి వచ్చేశాయి, మిషన్ ఖాళీగా ఉంది, పొద్దుటినుంచీ దాచుకున్న మర్యాద ఒకటి మోకాళ్లలో కొట్టుకుంటోంది. లేచి, గేటుదాకా వెళ్లి, ఆవిడని సాగనంపాడు. రోడ్డు మలుపులో డ్రైవరు ఫోను చూసుకుని, మాట్లాడకుండా వ్యాను గోడౌను వైపు తిప్పాడు.

ఫిట్టరు మధ్యాహ్నం వచ్చి, మావయ్య లేని పీపాని తూచి, యంత్రానికి కొత్త నిండు బరువు చెప్పాడు. సీలు తియ్యని క్యాన్లన్నీ వెనక్కి చేర్చడానికి డ్రైవరుకి సాయంత్రమైంది. ఇస్త్రీ అక్క తన బల్ల తను తుడుచుకుని, మాడిన తువ్వాలు గురించి మావయ్య బాకీ ఉన్న తిట్లన్నీ వడ్డీతో సహా తినేసింది. బోర్డు మీద చివరి టిక్కు అలాగే ఉంది.

పీపా పక్కనే, గేటూ మిషన్లూ ఇస్త్రీ బల్లా కనబడేటట్టు, మావయ్యకి చేతులున్న కుర్చీ ఒకటి వచ్చింది. దాని కింద కూడా మేనకోడలు ఒక పలక పెట్టించింది. ఆ వయసులో మనిషి మరీ ఎక్కువసేపు అలికిడి లేకుండా ఉంటే తనకి తెలియాలని ఆమె పట్టు. ఆ కబురులో రాయడానికి ఫిట్టరుకి కొత్త మాట దొరకనట్టుంది. మావయ్య గంటసేపు కునుకు తీస్తే ఆమె ఫోనుకి ఇప్పుడు ఒక కబురు వస్తుంది: 'సరుకు కదలడం లేదు.'